నలభై ఏడో రాయి

"లేవండి, నలభై ఏడు!" అని అరిచిందట ఆ అమ్మాయి.

తన వయసు గురించి అంటోందనుకున్నాడు మా తమ్ముడు. "నాకు ఇరవై ఆరేనండీ" అన్నాడు, కూర్చున్న చోటి నుంచి కదలకుండా.

ఆమె అన్నది రాయి గురించి. మావాడు పనికెళ్లిన ఊళ్లో కొండ మీద కోట ఉంది, కోట లోపల గుళ్లున్నాయి. వాటిలో ఒక గుడి మండపం పునాది కుంగింది. రాళ్లన్నీ విప్పదీసి, పునాది గట్టి చేసి, ఏ చోటి రాయిని ఆ చోటే మళ్లీ పెట్టాలి. మండపం బొమ్మ గీసే ఉద్యోగం మావాడిది. విప్పిన రాళ్ల మీద తెల్ల పెయింటుతో నంబర్లు వేసే ఉద్యోగం ఆమెది. అప్పుడే వేసిన నంబరు మీద మావాడు దర్జాగా కూర్చున్నాడు. లేచేసరికి నలభై ఏడు అద్దంలో చూసినట్టు తిరగబడి ప్యాంటు మీద అచ్చయింది. అంతలో వాన దంచి కొట్టింది. అందరూ కోట గుమ్మం కిందికి పరిగెత్తారు, అందరి ముందూ మావాడు. వెనక వాళ్లంతా వాడి ప్యాంటు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ రోజు నుంచి వాడి పేరు నలభై ఏడు.

ఇదంతా నాకు ఫోన్లో చెప్పేవాడు. మొదట్లో అన్నీ ఫిర్యాదులే. ఆ పిల్ల పెంకిది, నోరు పెద్దది, బొమ్మలో గీత పక్కకి పోతే పదిమందిలో అనేస్తుంది. కొన్నాళ్లకి ఆ ఫిర్యాదుల్లో ఆమె జడ, ఆమె నవ్వు, చెంప మీద పెయింటు చుక్క కూడా చేరాయి. నేను ఫోను చెవికి ఆనించుకుని ఊ కొడుతుంటే పొయ్యి మీద కూర మాడిపోయేది. చూడని ఆ ఊరు నాకు అలా అలవాటైపోయింది.

ఒక వానలో, అదే గుమ్మం కింద, పెళ్లి చేసుకుంటావా అని వాడు ఆమెని అడిగేశాడు. "మండపం పూర్తి కానివ్వు. చివరి రాయి పెట్టిన రోజు చెబుతా" అందట.

ఆ రోజు రాకుండానే ఆఫీసువాళ్లు మావాడిని వేరే ఊరికి పంపేశారు. కొన్నాళ్లకి పేపర్లో మండపం ఫోటో వచ్చింది, నిండుగా, అందంగా. వాడు ఫోన్ చేసి, పూర్తయిందిగా, ఇక చెప్పమన్నాడు. ఇంకా పూర్తి కాలేదంది ఆమె. కళ్లెదుట ఫోటో పెట్టుకుని ఆ మాట వింటే రోషం రాదూ? కాదని చెప్పలేక సాకు వెతుకుతోందని వీడే తేల్చేసుకున్నాడు. తర్వాత ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను అడిగితే మాట మార్చేసేవాడు.

ఏళ్లు గడిచాయి. నాన్న ఒక సంబంధం చూశారు. ఏమంటావురా అంటే "మీ ఇష్టం" అన్నాడు. ఆ గొంతులో ఇష్టమన్నదే లేదు. వాళ్లకి సోమవారం జవాబు చెబుదామని నాన్నని ఆపి, ముందు నాకు ఆ ఊరు చూపించమని వాడిని లాక్కెళ్లాను. వాడి మనసులో ఏమీ మిగల్లేదని నా కళ్లతో చూస్తే తప్ప ఆ పెళ్లికి నేను ఒప్పుకోదలచుకోలేదు.

కొండెక్కుతుంటే అన్నీ నేనే ముందు గుర్తుపట్టాను. ఇనప మేకుల తలుపు, చిలకలు కాపురముండే గోడ, అరిగి నున్నబడిన మెట్లు. గుమ్మం దగ్గర మావాడు ఆగి, చల్లటి గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను చెప్పుల్లో రాయి పడిందని వంక పెట్టుకుని వెనకే ఉండిపోయాను.

మండపం చుట్టూ నడుమెత్తు గోడ, దాని మీద వరుసగా చెక్కిన హంసలు. వెనకవైపు ఒక్క చోట మాత్రం హంస లేదు, ఇటుకలు పేర్చి ఉన్నాయి. కోటలో మిగతా గుళ్ల పని ఇంకా నడుస్తోంది; ఆ ఇటుకల పక్కనే ఆమె ఉంది. వాడిని చూసింది.

"నలభై ఏడు" అంది మెల్లగా.

"పూర్తయిందిగా" అన్నాడు మావాడు. ఇన్నేళ్ల తర్వాత అనాల్సిన మాటా అది?

"ఎక్కడ పూర్తయింది? నీ రాయే లేదు."

ఆమె చెబితే తెలిసింది: వాడు కూర్చున్న రోజు సగం నంబరు ప్యాంటుతో పోయింది, మిగతాది వానతో పోయింది. వేసేశాననుకుని ఆమె తర్వాతి రాయికి వెళ్లిపోయింది. నంబరు లేని పాత గోడ రాళ్లు ఆవరణ నిండా ఉన్నాయి. తీరా పెట్టబోతే వాటిలో నలభై ఏడు ఏదో ఎవరికీ తెలియలేదు. పైవాళ్లు ఇటుకలతో కానిచ్చేయమన్నారట. రాయి దొరికేదాకానే ఇటుకలని ఈమె పట్టుబట్టింది.

"దేని మీద కూర్చున్నావో అడుగుదామని ఎన్నిసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తితేగా" అంది.

మావాడు తన చేతివేళ్లకేసి చూసుకున్నాడు.

"దానికి ఒక చివర గాడి ఉంది. నువ్వు అరిచినప్పుడు నా వేళ్లు అందులో ఉన్నాయి."

ఆవరణంతా తడుముకుంటూ తిరిగాడు. పనివాళ్లు టీ తాగే షెడ్డులో, గోడకానించిన బల్లలాంటి రాయి దగ్గర వంగి, చివర చెయ్యి పెట్టి ఆగిపోయాడు. గడ్డపారలతో ఇవతలికి జరిపితే గోడవైపు నుంచి మట్టి కొట్టుకుపోయిన హంస బయటపడింది.

"రోజూ దీని మీదే కూర్చుని టీ తాగుతాను" అంది ఆమె. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, నాకే కళ్లు మసకబారాయి.

సున్నం కలపాలి, రాయి రేపు పెడతామంది. మావాడు నా దగ్గరకొచ్చి, నాన్నకి ఫోన్ చేసి ఆ సంబంధం వద్దని చెప్పమన్నాడు.

"ఆమె ఏమంటుందో తెలియకుండానే?"

"తెలియకుండానే అక్కా. కాదన్నా సరే."

నాన్న చిరాకుపడ్డారు. అంతలోనే, ఆ నంబర్లు వేసే అమ్మాయేనా అని అడిగారు. వాడి ఫోన్లు నేనొక్కదాన్నే వినలేదన్నమాట.

మర్నాడు ఇటుకలు తీసేసి హంసని దాని చోట కూర్చోబెట్టారు. వరుస నిండింది. మావాడు ఆమెకేసి చూస్తున్నాడు. ఆమె వాడి పక్కనుంచే నడిచి నా దగ్గరకొచ్చింది, చేతికంటిన సున్నం కొంగుకి తుడుచుకుంటూ.

"ఎంతసేపు ఎండలో నిలబడతారు, ఇలా నీడలోకి రండి వదినా" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా తమ్ముడు మాత్రం హంస పక్కనే నిలబడి ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు.