పాలు తాగాక తూకం

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాన్పుల వార్డు కాస్త నెమ్మదిస్తుంది. కబుర్లు తెగని చుట్టాలను బయటికి తరిమి, సిస్టరు త్రాసు ముందేసుకుని కూర్చుంది. పిల్లలు పాలు తాగుతున్నారో లేదో ఆమెకు తల్లులు చెప్పనక్కర్లేదు. తాగకముందొక తూకం, తాగాక ఒక తూకం. అంతే.

నాలుగో మంచం బాలింతకు నిన్న ఆపరేషన్ అయింది. ఈ పొద్దునే వార్డుకు తెచ్చారు. తొలి కాన్పు. ఇంకా పాలు పడలేదని కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఏడిస్తే పాలొస్తాయా తల్లీ? కన్నీళ్ళొస్తాయి," అని కసిరి సిస్టరు బాబును తూచింది. రెండు కిలోల ఎనిమిది వందలు. పుట్టినప్పుడు మూడు కిలోలు. మొదట్లో కాస్త తగ్గడం మామూలే అనుకుంది. "పట్టి చూడు. ఇప్పుడే వస్తా."

కాన్పు గదిలో పని చూసుకుని వచ్చేసరికి ఏడుపు లేదు. బాబు మత్తుగా నిద్రపోతున్నాడు. పెదవి చివర పాలచుక్క. సిస్టరు సంబరపడిపోయి త్రాసులో పడుకోబెట్టింది.

రెండు కిలోల ఆరు వందలు.

మళ్ళీ తూచింది. అదే.

"పట్టావా?"

"నాకెక్కడివి సిస్టర్... పక్క మంచం ఆవిడ పట్టింది. నేను లేవలేక ఏడుస్తుంటే తనే వచ్చి ఎత్తుకుంది. పొద్దున కూడా అంతే. ఒక్క మాటా మాట్లాడదు, పాపం."

సిస్టరు గబుక్కున మంచాల మధ్య తెర లాగింది. ఐదో మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. చుట్టూ పచ్చిపాల వాసన...

ఆ మంచం బాలింత మొన్న పోయింది. ఆమె బిడ్డ అంతకు ముందే పోయాడు. ఒక్కసారి పాలు పడతానని ఆమె ఎంత బతిమాలినా, చనిపోయిన బిడ్డను సిస్టరు ఆమె చేతికివ్వలేదు. ఆ పాపం తనదేనని అప్పటి నుంచీ లోలోపల కుమిలిపోతోంది.

"కోపముంటే నా మీద తీర్చుకో..." ఖాళీ మంచంతో గుసగుసగా అంది. "పసివాణ్ణి వదిలెయ్."



పది నిమిషాల్లో ఆయాను కేకేసి తల్లీబిడ్డలను పై అంతస్తుకు మార్పించేసింది. వాళ్ళు సర్దుకున్నాక అక్కడ ఖాళీ మంచమన్నదే మిగల్లేదు. సాయంత్రానికి తల్లికి పాలు పడ్డాయి. బాబు అందుకున్నాడు. గుటకల చప్పుడు వింటూ సిస్టరు గోడకు చేరబడి హాయిగా ఏడ్చింది.

"సిస్టర్..."

"ఇంకేంటే?"

"ఇందాకటి నుంచి తీద్దామని చూస్తున్నా... వదలట్లేదు." తల్లి మొహంలో రక్తం లేదు. "వీడి నోరు..."

"నోటికేమైంది?"

"లోపల చల్లగా ఉంది."

పట్టు విడిపించడానికి సిస్టరు ఎప్పటిలాగే చిటికెనవేలు బాబు నోటి మూలన దూర్చింది. పెదవులు వెచ్చగానే ఉన్నాయి. లోపల... చలి మోచేతి దాకా పాకింది.

బాబు రొమ్ము వదిలేశాడు.

సిస్టరు వేలు వెనక్కి లాగింది.

అది రాలేదు.