రెండు రోజుల్లో అలవాటవుతుంది

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మెల్లగానే పెట్టింది గానీ, ఆ మెల్లదనంలోనే కోపమంతా ఉంది.

"నేల నాకు ఎదురొస్తోంది" అంది. "మెట్టు దగ్గరగా కనిపిస్తుంది, కాలు వేస్తే అందదు. మా అత్త పట్టుకోకపోతే మీ గుమ్మంలోనే బోర్లా పడేదాన్ని."

"పట్టుకున్నానా, నేనే దాని మీద పడ్డానా" అంది వెనకాలే వచ్చిన మేనత్త. అని, ఉన్న ఒక్క కుర్చీలో కూలబడింది.

నీటి ఒడ్డున కట్టిన పెద్ద బజారు అది. కింద తిండి కొట్లు, పైన బట్టలు, చెప్పులు, ఒక మూల ఈ కళ్ళద్దాల షాపు. బల్ల వెనక నిలబడ్డ కుర్రాడి పెదనాన్నది ఆ షాపు. అతను ఆరేళ్ళుగా అందులో పనిచేస్తున్నాడు. బజారంతా అతన్ని చుక్కలబ్బాయి అంటారు. ఏ కళ్ళజోడు చేతికొచ్చినా ముందు రెండు అద్దాల నడిమధ్యా చెరొక చుక్క పెట్టి, ఆ చుక్కల మధ్య దూరం కొలిచి, పెట్టుకునేవాళ్ళ కనుపాపల మధ్య దూరంతో సరిపోయిందో లేదో చూసుకుంటాడు. మాట్లాడేది తక్కువ. కొలిచేది ఎక్కువ.

ఇప్పుడూ చుక్కలు పెట్టాడు. కొలిచాడు. యాభై తొమ్మిది మిల్లీమీటర్లు. ఆమె పాత జోడు అడిగి తీసుకుని అదీ కొలిచాడు. అరవై మూడు.

ఆరేళ్ళలో వెంట్రుకవాసి తేడా రానివాడు, నాలుగు మిల్లీమీటర్లు తప్పాడు. వెనకాల పెదనాన్న చేతిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. ఆయన పేపరు చదివేది కళ్ళతో కాదు, చెవులతో.

"కొత్తవి కదండీ" అన్నాడు చుక్కలబ్బాయి. "రెండు రోజుల్లో అలవాటవుతుంది."

కళ్ళద్దాల షాపులన్నిటిలోనూ వినిపించే మాటే అది. చాలాసార్లు నిజం కూడా. ఈసారి కాదని అతనికి తెలుసు. తెలిసీ అన్నాడు. ఆమె ముందు చిన్నబోవడం ఇష్టంలేక అన్నాడు.

"రెండు రోజులెక్కడివండీ? రేపు నా చేతికి లాంచీ ఇస్తున్నారు."

అవతలి ఒడ్డుకి జనాన్ని దాటించే లాంచీలో ఆమె రెండేళ్ళుగా తాళ్ళు కడుతోంది. రేపటి నుంచి చుక్కాని ఆమెదే. ఇవాళ సెలవు పెట్టింది. అత్తతో బజారంతా తిరగాలి, చెప్పులు కొనుక్కోవాలి, కడుపునిండా తినాలి, ఏ పనీ తలపెట్టకూడదు. అదీ ఆమె వేసుకున్న ప్లాను.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కొత్త జోడు నచ్చలేదని ఎవరైనా అంటే, వాళ్ళని వెంటబెట్టుకుని రేవు దాకా నడిపించి తీసుకొస్తారు. మెట్లు, బోర్డులు, అవతలి ఒడ్డు, అన్నీ చూపిస్తారు. "తీసుకెళ్ళి నడిపించుకు రారా" అన్నాడు పెదనాన్న పేపరు చాటునుంచే. ముగ్గురూ బయల్దేరారు.

మొదట ఆమె కొత్త జోడు పెట్టుకుని కోపంగానే నడిచింది. ఆ కోపం ఎంతో దూరం నడవలేదు. చదునైన చోట ఆమె కాలెత్తి మెట్టు దిగబోయింది. నీళ్ళలో దిగే కొంగలా ఉన్నావని అత్త అంది. ఆమెకి నవ్వాగలేదు. అతను బోర్డులు చదవమన్నాడు. చదివింది. ఐస్‌క్రీం కొట్టు దగ్గర రుచుల పేర్లన్నీ గడగడా చదివి, చదివినందుకు ఒకటి ఇప్పించాలంది. అతను మూడు కొన్నాడు. కప్పు అందుకోబోతూ ఆమె చెయ్యి కప్పుకి బెత్తెడు ఇవతలే మూసుకుంది. అతని నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

సన్నగా చినుకులు పడ్డాయి. ఆమె జోడు తీసి పైట చెంగుతో తుడవబోతే, గీతలు పడతాయని అతను లాక్కున్నంత పని చేశాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడవసాగాడు. జోడు లేని కళ్ళు అతన్ని వెతుక్కుంటూ చిట్లించి చూశాయి. అతను తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపే తుడిచి ఇచ్చాడు.

అత్తకి కొత్త చెప్పులు కొన్నారు. అవి కరిచాయి. పాతవే తొడుక్కుని, కొత్తవి అతని చేతికిచ్చింది. ఈ వంకన అతని ఇంటి సంగతులన్నీ అడిగేసింది. అన్నిటికీ అవునండీ, లేదండీ అని జవాబిచ్చాడు. పెళ్ళయిందా అన్నదానికి మాత్రం లేదని రెండుసార్లు చెప్పాడు.

రేవు దగ్గరికి వచ్చారు. లాంచీ ఒకటి గట్టుకి చేరుతోంది.

"ఇప్పుడు తగులుతుంది చూడు" అంది ఆమె.

తగల్లేదు. మధ్యలో ఇంకా రెండు బారల నీళ్ళున్నాయి.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. గట్టు కమ్మీలు పట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. జోడు తప్పు కాదేమో, తన కళ్ళే సరిగ్గా లేవేమో. ఆడపిల్లకి చుక్కాని ఎందుకని రేవులో ఇద్దరు ముగ్గురు అననే అన్నారు. ఎక్కిన యాభైమందిని గట్టుకి కొట్టి తెలుసుకోవడం కన్నా, రేపు రానని ఇప్పుడే సూపర్‌వైజరుకి చెప్పేయడం నయం. ఫోను తీసింది.

చుక్కలబ్బాయి చెప్పుల సంచీ కింద పెట్టాడు.

"ఫోను చెయ్యకండి. మీ కళ్ళు బాగున్నాయి. తప్పు నాది."

"అలవాటవుతుందన్నారుగా?"

"అబద్ధం చెప్పాను. అద్దాల మధ్య దూరం తప్పు కొలిచాను. షాపులోనే తెలిసింది."

ఆమె ఫోను దించింది. "తెలిసీ నన్ను ఇంత దూరం నడిపించారా?"

"అవునండీ."

"ఎలా తప్పింది? ఆరేళ్ళుగా తప్పలేదని మీ పెదనాన్నగారు మొన్న గొప్పగా చెప్పారు."

అతను నీళ్ళకేసి చూశాడు. అత్త చెవులు రిక్కించింది.

"కొలిచేటప్పుడు మేము ఒక కన్ను మూసుకోవాలి. తెరిచిన కంట్లోకి ఎదుటివాళ్ళని చూడమనాలి. తర్వాత రెండో కన్ను. అప్పుడే కొలత నిలుస్తుంది. మొన్న మీకు కొలిచేటప్పుడు నేను ఏ కన్నూ మూయలేదు. మూయబుద్ధి కాలేదు."

అంత పొడుగు మాట అతను ఆరు నెలల్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆమె చెవుల దాకా ఎర్రబడిందని అత్తకి కనిపించింది, అతనికి కనిపించలేదు. అతను తలెత్తితే కదా. కొత్త అద్దాలకి ఎంతసేపు పడుతుందని మాత్రం అడిగింది. మూడు గంటలన్నాడు. అయితే పదండి, అని ముందు నడిచింది.

షాపులో పెదనాన్నకి అతనే చెప్పాడు, తప్పునీ అబద్ధాన్నీ. కన్ను సంగతి చెప్పలేదు, అత్త చెప్పేసింది. పెదనాన్న పేపరు మడిచి, స్కేలు అందుకుని లేచాడు.

"కూర్చో అమ్మా. ఈసారి నేను కొలుస్తాను."

"వద్దండీ" అంది ఆమె. "ఆయన్నే కొలవనివ్వండి."

చుక్కలబ్బాయి స్కేలు తీసుకున్నాడు. ఆమె కదలకుండా కూర్చుంది. పద్ధతి ప్రకారం ఒక్కొక్క కన్నూ మూసి మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ అరవై మూడే.

సాయంత్రానికి కొత్త జోడు పెట్టుకుని కిటికీలోంచి రేవుకేసి చూసింది. లాంచీ వస్తోంది. వేలు పైకెత్తి ఆగింది. "ఇప్పుడు" అంది. సరిగ్గా అప్పుడే లాంచీ గట్టుకి తగిలింది.

తిరిగి అతన్ని చూసింది. "ఇందాక మీరు ఇంకా దగ్గరగా కనిపించేవారు."

"దానికి అద్దాలెందుకే" అంది అత్త. "అతన్నే దగ్గరికి జరగమను."

ఆమె ఆ మాట తోసిపుచ్చలేదు. మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "రేపు ఎనిమిదిన్నరకి నా మొదటి ట్రిప్పు. రాను, పోను గంటన్నర."

చుక్కలబ్బాయి పెదనాన్నకేసి చూశాడు. షాపు తెరిచేది తొమ్మిదింటికి.

పెదనాన్న మళ్ళీ పేపరు విప్పాడు. "రేపు నేనే తెరుస్తాలేరా" అన్నాడు.