తెల్ల గ్లౌజుల మీద కస్టర్డ్ మరక

గురువారం పొద్దున్నే జిలియన్ ఇస్త్రీ బల్ల వేసిందంటే, ఇవాళ మొగుడు క్లైవ్ ఫ్రీమేసన్లనే రహస్య సంఘానికి వెళ్ళే రోజన్నమాట. పదిహేను రోజులకోసారి ఇదే తంతు. ఒక నల్లపెట్టె, అందులో నడుముకి కట్టుకునే తెల్లతోలు ఏప్రాన్, ఒక జత తెల్ల గ్లౌజులు. ఆ గ్లౌజులు ఉతికి ఇస్త్రీ చేసే హక్కు ఆవిడదే. తలుపులేసుకుని లోపల ఏం చేస్తారని అడిగే హక్కు మాత్రం లేదు. అలాగని ఇన్నేళ్ళ కాపురంలో అడక్కుండా ఊరుకుందా? అబ్బే! అడిగినప్పుడల్లా క్లైవ్ నవ్వేసి పేపరు తిప్పేవాడు.

"పేరుకేమో మేసన్లు, తాపీపనివాళ్ళ సంఘం. వంటింట్లో పలక ఊడితే మేస్త్రీని పిలిచి తెచ్చేది మాత్రం నేను" అని ఆవిడ దెప్పేది.

నాలుగేళ్ళుగా ఇంకొకటి కూడా ఆవిడ బుర్ర తినేస్తోంది. ఆ గ్లౌజుల మీద పసుప్పచ్చ మరకలు. ఒకరోజు ఎవరూ చూడకుండా నాలిక చివరతో రుచి చూసింది కూడా. సందేహం లేదు, కస్టర్డే! అంత గుట్టుగా చేరి, పెద్దమనుషులు గ్లౌజులు తొడుక్కుని కస్టర్డ్ తింటారా?

ఆవిడ ఆ ఆలోచనలో ఉండగానే వెనక తలుపు తీసుకుని కూతురు బెథనీ వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి వస్తోంది, ఒంటిమీద యూనిఫాం ఇంకా అలాగే ఉంది. తండ్రి సార్జెంటు, కూతురు కానిస్టేబులు. ఇద్దరిదీ హాలిఫాక్స్‌లో ఒకే స్టేషను. టీ కోసం కప్పు తీయబోయి, బల్లమీది కాగితం చూసి ఆగిపోయింది.

అది ఆ వారం స్టేషన్లో అందరికీ పంచిన కాగితం. ఏ రహస్య సంఘంలోనైనా ఇప్పుడు సభ్యులా, అవునో కాదో గుర్తు పెట్టి సోమవారంలోగా ఇవ్వాలి. క్లైవ్ 'కాదు' దగ్గర గుర్తు పెట్టాడు.

"నాన్నా, ఏమిటిది?"

"కనబడుతోందిగా" అన్నాడు క్లైవ్, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"కనబడుతోంది. అటు నీ పెట్టె కూడా కనబడుతోంది. అమ్మ నీ గ్లౌజులు ఇస్త్రీ చేస్తోంది. ఇక్కడేమో కాదని రాశావు!"

"ఉన్నదే రాశాను."

"నేనొక దొంగని పట్టుకొచ్చి స్టేషన్లో కూర్చోబెడతాను. ఎదురుగా ఉన్న సార్జెంటూ వాడూ ఒకే సంఘంలో చేరి ఏం ఒట్టు పెట్టుకున్నారో నాకు తెలియొద్దా? పట్టుబడ్డవాడికి తెలియొద్దా? తప్పు చేయనివాడికి చెప్పడానికి నొప్పేమిటి?"

"నొప్పేం లేదు. అడగాల్సిందే. నిన్నెవరైనా అడిగితే మీ నాన్న కూడా అడగాల్సిందే అన్నాడని చెప్పు."

ఈ మాటకి జిలియన్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. బెథనీ ముఖం ఎర్రబడింది.

"వేళాకోళమా? అబద్ధం రాస్తే నీ ఉద్యోగం ఊడుతుంది. తెలిసి తెలిసి నోరు మూసుకుంటే నాదీ ఊడుతుంది. సోమవారం నేనే వెళ్ళి చెప్పేస్తాను నాన్నా. చెప్పక తప్పదు నాకు."

క్లైవ్ లేచి దాని భుజం మీద చెయ్యి వేయబోయి, మానుకున్నాడు. "చెప్పు. పోలీసంటే అలాగే ఉండాలి" అని మేడ మీదకి వెళ్ళిపోయాడు.

కన్నకూతురు తండ్రి మీద ఫిర్యాదా! జిలియన్‌కి చేతిలో పని సాగలేదు. మొగుడి ఉద్యోగం సంగతి అలా ఉంచి, వీళ్ళిద్దరూ మళ్ళీ ఈ బల్ల దగ్గర కలిసి కూర్చుంటారా? మూడింటికి క్లైవ్ పెట్టె పట్టుకుని బయల్దేరగానే ఆవిడ కోటు తగిలించుకుని కూతుర్ని నిద్రలేపింది.

"ఫిర్యాదు చేసేదానివి కళ్ళారా చూసి చెయ్యి. కారు తియ్యి."

క్లైవ్ కారు మేసన్ల హాలు దగ్గర ఆగనేలేదు. కొండెక్కి, వృద్ధాశ్రమం గేట్లోకి తిరిగింది. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లోపల ఆరో గది తలుపు ఓరగా తీసి ఉంది. కిటికీ పక్క కుర్చీలో టై కట్టుకుని ఒక ముసలాయన. జిలియన్ గుర్తుపట్టింది. విల్ఫ్ సగ్డెన్. క్లైవ్‌కి పోలీసు పని నేర్పినవాడు, చెయ్యిపట్టుకుని సంఘంలోకి తీసుకెళ్ళినవాడు కూడా ఆయనే. మతిపోయిందనీ, చచ్చిపోయిన భార్య పేరు కూడా గుర్తులేదనీ ఎవరో చెబితే వింది. ఆ మనిషే ఇప్పుడు సంఘం సభలో చెప్పే పాత మాటలేవో పొల్లుపోకుండా గడగడా అప్పజెబుతున్నాడు. ఎదురుగా క్లైవ్ ఏప్రాన్ కట్టుకుని, చేతులకి గ్లౌజులతో, స్కూలు పిల్లాడిలా జవాబులు చెబుతున్నాడు. మధ్యమధ్య గిన్నెలోంచి చెంచాతో ఆయన నోటికి కస్టర్డ్ అందిస్తున్నాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అంది జిలియన్, పైకే.

"ఎవరది?" విల్ఫ్ గద్దించాడు. "సభ నడుస్తుంటే ఆడవాళ్ళా?"

"నర్సులు లెండి" అన్నాడు క్లైవ్, పాలిపోయిన ముఖంతో.

"అయితే రానీ."

"గ్లౌజులు తీయొచ్చుగా, తినిపించేటప్పుడైనా" అంది జిలియన్. ఇంకేమనాలో తోచలేదు ఆవిడకి.

"సభ ముగియందే తీయనివ్వడు జిల్. నేను సంఘం మానేసి నాలుగేళ్ళయింది. మానేసిన రోజే ఈయనకి చెప్పాను. చాలా బాధపడ్డాడు. తెల్లారేసరికి అదీ మరిచిపోయినట్టున్నాడు. గురువారం టై కట్టుకుని నాకోసం కూర్చున్నాడు. ఏం చెయ్యను?"

"నాకు చెప్పొచ్చు కదయ్యా!"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే."

బెథనీ గుమ్మంలోనే నిలబడిపోయింది. "నాలుగేళ్ళంటే... నేను ఉద్యోగంలో చేరిన ఏడాది. ఎందుకు మానేశావు నాన్నా?"

క్లైవ్ ఇంకో చెంచా కస్టర్డ్ ముసలాయన నోటికి అందించాడు. విల్ఫ్ వేలితో బెథనీని పిలిచాడు.

"ఇలా రా నర్సమ్మా. మనలో మనమాట. మావాడొకడున్నాడు, క్లైవని. వాడి కూతురు పోలీసైంది. మంచి పిల్లట, అన్ని పరీక్షల్లో ఫస్టట. అయినా స్టేషన్లో కూశారు, అయ్య సంఘంలో ఎవరి చెయ్యో రహస్యంగా నొక్కి సైగ చేయబట్టి పిల్లకి పనొచ్చిందని. ఆ మాట దానికి తగలకూడదని, పిచ్చి సన్నాసి, ఇరవై ఏళ్ళ సంఘం వదిలేశాడు. ఇక్కడే కూర్చుని ఏడ్చాడు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పిల్లకి తెలిస్తే మనసు విరిగిపోతుందట. ఎవరికీ చెప్పకు."

ఆ ఒక్కటీ మరిచిపోలేదు ఆ ముసలాయన.

బెథనీ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. తండ్రి చేతిని, కస్టర్డ్ మరకల గ్లౌజుతో సహా, గట్టిగా పట్టుకుంది. ఏదీ దాచకూడదని పొద్దున్న ఇల్లు పీకి పందిరేసిన పిల్ల.

"చెప్పను తాతా" అంది. "ఒట్టు."