మంచు ఆరకముందు కోత

వరి కోసే మిషనును దగ్గర నుంచి చూడనివాళ్ళకు ముందు దాని సంగతి చెప్పాలి. ముందువైపు రెండు మంచాలంత వెడల్పున నోరు ఉంటుంది. నోటి అడుగున కత్తుల వరస. ఆ వెనక, మరమేకులా మెలికలు తిరిగిన పెద్ద ఇనప గొట్టం గిరగిరా తిరుగుతూ కోసిన వరిని లోపలికి లాక్కుంటుంది. ఎండిన వరి అయితే గలగలమంటూ పోతుంది. తడిసిన వరి తాడులా పేనుకుని గొంతులో అడ్డం పడుతుంది. అందుకే మా ముప్పాళ్ళ వైపు మంచు ఆరకముందు ఎవరూ పొలంలో మిషను దించరు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మీకు అర్థమవుతుంది.

మా అబ్బాయి ప్రభాకరరావుకు అలాంటి మిషను ఒకటి ఉండేది. దాన్ని మొదట నడిపినవాడు సుభానీ. సత్తెనపల్లి మనిషి. ఇంటికొస్తే చెప్పులు గేటు బయటే విడిచి "టీచరమ్మా, టీ ఉందా?" అని అడిగేవాడు. రెండేళ్ళ కిందటి పంటప్పుడు, వాన ముంచుకొస్తోందని మావాడు తొందరపడి మంచులోనే దిగమన్నాడు. గడ్డి ఇరుక్కుంది. బ్యాటరీ నీరసంగా ఉంది, ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదు.

"ఆపమాక సుభానీ. చేత్తో తియ్యి," అన్నాడు మావాడు.

సుభానీ వంగి తీశాడు. గడ్డి వదులైంది. గొట్టం తిరిగింది. రెండు చేతులూ భుజాల దాకా పోయాయి. ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

ఇంక మనవరాలు లిఖిత సంగతి. కంప్యూటరు చదువు చదివి ఇంటి దగ్గర నుంచే ఉద్యోగం చేస్తోంది. కోతల కాలంలో రైతుల ఫోన్లతో తండ్రికి అన్నం తినే తీరిక ఉండటం లేదని, బుకింగులన్నీ చూసుకునే ఏఐ ఏజెంటు ఒకటి పెడతానంది. నాకు బోధపడేదాకా లిఖితను వదల్లేదు నేను. నాకు బోధపడినట్టే మీకూ చెబుతాను.

రైతు "రెండెకరాలు, కాలవ పక్క చేను" అని మెసేజి పెడతాడు. దాన్ని మోసుకొచ్చే కంపెనీ పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఏజెంటు మన బడి గుమస్తా లాంటిది. ఉత్తరం చదివి, ఎవరి వంతు ఎప్పుడో చూసి, జవాబు రాస్తుంది. గుమస్తాకూ పోస్ట్‌మ్యాన్‌కూ మధ్య ఒక తాళంచెవి ఉంటుంది, పొడుగాటి అక్షరాల వరస. అది తీసేస్తే గుమస్తా ఎంత రాసినా గది దాటి పోదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వ్యాపారం మెసేజీల్లో నోటికొచ్చింది రాయడానికి లేదు. ముందే ఒప్పించుకున్న వాక్యాలే పంపాలి. మధ్యలో మాత్రం ఖాళీలు ఉంటాయి, మనం పిల్లలకు పరీక్షలో ఇచ్చే ఖాళీలు పూరించుము లాగా. లిఖిత ఒప్పించుకున్న వాక్యం ఇది:

"నమస్తే ____ గారూ. మీ ____ కోతకు మిషను ____ వస్తుంది. సిద్ధంగా ఉండండి."

అంతా బాగానే ఉంది. నెంబరు దగ్గరే తప్పు జరిగింది. తండ్రీకూతుళ్ళు ఏజెంటుకు ఇచ్చింది సుభానీ వాడిన నెంబరు.

"చచ్చిపోయినవాడి నెంబరు ఎందుకురా?" అన్నాను.

"సిమ్ము నా పేరు మీదేగా అమ్మా. ఇక్కణ్ణుంచి అచ్చంపేట దాకా రైతులందరి ఫోన్లలో అదే ఉంది. మారిస్తే గిరాకీ పోద్ది."

"నువ్వు మరీను నాయనమ్మా," అని నవ్వింది లిఖిత. "సుభానీ మామ పాత మెసేజీలన్నీ కూడా దానితో చదివించా. రైతులతో ఎట్టా మాట్లాడాలో నేర్చుకుంటదిలే."

కొన్నాళ్ళు చక్కగా నడిచింది. ఆ తర్వాత ఒకరోజు పొరుగూరి జ్ఞానమ్మ ఫోను చేసి తిట్టింది.

"ఏమే లిఖితా, మీ మిషనుకు బుద్ధుందా? మంచు ఆరకముందే వస్తానని మెసేజి పెట్టిందేంది? తడి వరి కోసి నా నోట్లో మట్టి కొడతారా?"

లిఖిత సారీ చెప్పి ఫోను పెట్టేసింది. మూడో ఖాళీలో పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం అని మాత్రమే నేర్పిందట. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో లిఖితకూ తెలియలేదు.

మర్నాడు మా చేను కోత. మిషను ఇంటి వెనకే ఉన్న ఆ చేను గట్టు మీద ఆపి ఉంది. కొత్త డ్రైవరు ఐజాజ్ షెడ్డులో పడుకున్నాడు. తెల్లవారుతోంది. నేను టీ నీళ్ళు పెట్టాను. కిటికీ అవతల మంచు తెల్లగా, గోడ కట్టినట్టు ఉంది. తడి గడ్డి వాసన ఇంట్లోకి వస్తోంది. కాలవ నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

బల్ల మీద ప్రభాకరం ఫోను మోగింది. చూసి నవ్వాడు.

"ఏందే లిఖితా, నీ ఏజెంటుకు పిచ్చెక్కిందా?"

మేమిద్దరం వంగి చూశాం.

"నమస్తే ప్రభాకరరావు గారూ. మీ చేతుల కోతకు మిషను మంచు ఆరకముందే వస్తుంది. సిద్ధంగా ఉండండి."

లిఖిత ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఏజెంటు రాత్రి నుంచి ఏమీ పంపలేదు నాన్నా..."

"ఆ గుమస్తా తాళంచెవి తీసెయ్యి," అన్నాను.

తీసేసింది. "ఇంక మాట బయటికి పోదు నాయనమ్మా," అంది.

ఫోను మళ్ళీ మోగింది.

"నమస్తే ప్రభాకరరావు గారూ. మీ కుడిచేతి కోతకు మిషను ఇప్పుడే వస్తుంది. సిద్ధంగా ఉండండి."

వెంటనే ఇంకొకటి. ఈసారి ఎడమచేయి.

ఇంటి వెనక గట్టు మీద ఇంజను అంటుకుంది.

"ఐజాజ్ గాడికి చెప్పానే మంచులో దించొద్దని!" అంటూ ప్రభాకరం చెప్పులైనా లేకుండా పరిగెత్తాడు.

"పోమాకరా... ఒరేయ్, పోమాక!"

వినలేదు. మంచు వాణ్ణి మింగేసింది. లిఖిత చెయ్యి పట్టుకుని నేనూ దిగాను. ఎదురుగా నా చెయ్యి నాకే కనబడటం లేదు. డీజిలు పొగ ముక్కుల్లో మండుతోంది. వరి పరపరా తెగుతున్న చప్పుడు ఒకసారి కుడివైపు నుంచి... ఒకసారి వెనక నుంచి...

ఎవరో నా భుజం పట్టుకున్నారు. ఐజాజ్.

"టీచరమ్మా... మిషను నేను తీయలేదు. తాళంచెవి ఇదిగో, నా దగ్గరే ఉంది..."

చప్పుడు మారింది. గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు మూలిగింది. గడ్డి ఇరుక్కుంది. ఇంజను మాత్రం ఆగలేదు.

మిషను దీపాల వెలుగులోకి వెళ్ళాం. మావాడు మిషను నోటి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ లోపల పెట్టి గడ్డి పీకుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పైన, డ్రైవరు సీటు వైపు నుంచి, చానా నెమ్మదిగా ఒక గొంతు...

"ఆపలేదు ఓనరు గారూ. చేత్తో తియ్యండి."

"తీస్తున్నా సుభానీ," అన్నాడు నా కొడుకు. "తీస్తున్నా..."

"ప్రభాకరా!"

నేను వాడి నడుము పట్టుకున్నాను. రాయిలా ఉన్నాడు. కదల్లేదు. లిఖిత వాడి చొక్కా పట్టి లాగింది. చొక్కా చినిగింది.

గడ్డి వదులైంది.

గొట్టం ఒక్కసారి తిరిగింది. ఎముక విరిగిన చప్పుడు... పచ్చి కర్ర విరిగినట్టు. వాడి అరుపు నా ఛాతీలోంచి పోయినట్టయింది. మళ్ళీ తిరిగింది. నా ముఖం మీద వెచ్చగా చిమ్మింది. వాడు లోపలికి పోతున్నాడు. వాణ్ణి పట్టుకున్న నేనూ పోతున్నాను. గడ్డి ఎర్రగా నురగలు కడుతోంది. మోచేతుల దాకా పోయాయి...

ఐజాజ్ గడ్డపార తెచ్చి గొట్టం మెలికల్లోకి పొడిచాడు. ఇనుము కీచుమంది. గడ్డపార వంగింది. గొట్టం ఆగింది. ఐజాజ్ ఇంకో చేత్తో కొడవలి ఎత్తి డీజిలు పైపు నరికాడు. ఇంజను దగ్గింది... దగ్గింది... చల్లారింది.

పైకెక్కి చూశాడు. సీటులో ఎవరూ లేరు.

నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టర్లు మావాడి ప్రాణం నిలబెట్టారు. మోచేతుల కింద ఏమీ మిగలలేదు. తెగినవి దొరికితే తెమ్మన్నారు. ఐజాజ్, ఊళ్ళో కుర్రాళ్ళు మిషను విప్పి, గడ్డి పరకా పరకా విడదీసి, ధాన్యమంతా చాటలతో జల్లించారు. ఒక్క వేలు కూడా దొరకలేదు. ఆ సాయంత్రమే మిషనును గ్యాసుతో ముక్కలు కోయించి పాత ఇనుముకు తోలించాం. లిఖిత ఆ నెంబరు తీయించేసింది, ఏజెంటును తుడిచేసింది. నేను దగ్గర కూర్చుని అన్నీ చేయించాను.

నాలుగో రోజు పొద్దున ఆస్పత్రిలో మావాడి మంచం పక్కన కూర్చుని ఉన్నాను. వాడు మత్తులో నిద్రపోతున్నాడు. తెల్లటి కట్లు దుప్పటి మీద పొట్టిగా కనబడుతున్నాయి. లిఖిత బట్టలు తెస్తానని తొలి బస్సుకు ముప్పాళ్ళ పోయింది. ఒళ్ళో నా చేతిసంచీ ఉంది. అందులో వాడి ఫోను. అది వాడి బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుంది. అంకెలు ఏం పెట్టుకున్నాడో ఎవరికీ తెలియదు కాబట్టి అప్పటి నుంచి ఎవరమూ తెరవలేదు.

సంచీలో వెలుగు కనబడింది.

తీసి చూశాను. ఫోను తెరిచే ఉంది.

"నమస్తే ప్రభాకరరావు గారూ. మీ అమ్మాయి కోతకు మిషను మంచు ఆరకముందే వస్తుంది. సిద్ధంగా ఉండండి."

దాని కింద, మావాడి ఫోను నుంచి పోయిన జవాబు: "సరే."

అద్దం మీద బొటనవేలి ముద్ర ఇంకా తడిగా ఉంది. ఆ తడిలో చిన్న వరిపొట్టు అంటుకుని ఉంది.