మీ బరువెంత అన్నవాడు

తప్పంతా మీదే, సైకిళ్ళు అమ్మే పెద్దమనుషులారా! ఒక ఆడపిల్ల తడిసిన జాకెట్టుతో మీ కొట్లో అడుగుపెడితే ఏ కొండ తొక్కుతావని అడగరు. ఏ రంగు కావాలంటారు. పక్కన మగాడుంటే మాటలన్నీ వాడితోనే, తొక్కేది ఆవిడైనా సరే! ఇష్‌బెల్ కొట్టు కొట్టూ తిరిగింది. ప్రతిచోటా ఇదే వరస. చివరికి సొంతూరు ఇన్నర్‌లీథెన్‌లో నెట్టా అనే ఆవిడ సైకిల్ కొట్టుకి వెళ్తే, అక్కడ కొత్తగా చేరిన ఆవిడ మేనల్లుడు తలెత్తి అడిగిన మొదటి మాట:

"మీ బరువెంతండీ?"

ఇష్‌బెల్ హెల్మెట్ తీసి కౌంటరు మీద పెట్టింది. పెట్టిందనడం మర్యాదకి. విసిరింది.

"నీ పేరేంటి?"

"స్ట్రూవన్."

"సమాధి రాయి మీద చెక్కించాలి కదా, అందుకడిగా."

"అయ్యో, అలా కాదండీ. ముందూ వెనకా కుదుపులు మింగే షాకులున్న బైకు ఇది. మనిషి బరువుని బట్టి షాకులో గాలి కొట్టాలి. లేకపోతే..."

"తొమ్మిది స్టోన్లు."

అంటే యాభై ఏడు కిలోలు. అది పచ్చి అబద్ధం. పది దాటి ఏళ్ళయింది. కొండ మీద రాళ్ళు పెకలించి దారి తవ్వే మనిషి ఆమె. ఆ బరువంతా భుజాల్లో, తొడల్లో ఉంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని ఆమెకీ తెలుసు. అయినా అతని గోధుమరంగు కళ్ళు అలా చూస్తుంటే నాలుక అదే వాగింది.

ఆమెకి బైకు కావాల్సింది సరదాకి కాదు. ఊరి పైనున్న స్ప్రూస్ చెట్ల అడవిలో, రెండు చలికాలాలు వానలో నాని, తోటివాళ్ళతో కలిసి కొత్త దారి తవ్వింది. ఆ దారి పేరు ముసలి గొర్రె. తవ్వేవాళ్ళలో ఒక కట్టడి ఉంది. దారి తెరిచే రోజున ఎవరు ఎక్కువ తవ్వారో వాళ్ళ చక్రమే ముందు దిగాలి. ఆ తర్వాతే లోకం. ఈసారి ఆ వంతు ఇష్‌బెల్‌ది. కానీ ఆమె పాత బైకు ఫ్రేము పగిలి మూలన పడింది. సెప్టెంబరు ఆఖరి శనివారానికి బైకు లేకపోతే వంతు తవ్వేవాళ్ళలో ఇంకొకడైన డూగల్‌కి పోతుంది. పార పట్టడం కంటే సూప్ గిన్నె పట్టడంలో దిట్ట అయిన డూగల్‌కి!

"ఒక్కటే కొనగలను," అంది ఇష్‌బెల్. "పారల సంచి వీపున వేసుకుని రోజూ కొండెక్కాలి. శనివారాలు వేర్ల మీంచి, బండల మీంచి దిగాలి. పెళ్ళికీ అదే చీర, పొలానికీ అదే చీర. ఏది మంచిది?"

"దాన్ని బట్టి ఉంటుందండీ."

"దేన్ని బట్టి?"

"మట్టిని బట్టి. మీ తీరుని బట్టి. తొక్కి చూసి చెప్పండి."

మొదటి వారం షాకులు నూట డెబ్బై మిల్లీమీటర్లు కుంగే బైకు ఇచ్చాడు. ఎక్కుతుంటే పరుపు మంచాన్ని కొండకి ఈడ్చినట్టుంది. ఆమె తిరిగొచ్చి చెడామడా తిట్టింది. అతను వెనక షాకు దగ్గర వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి చక్కెర బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు.

"ఇదేంటి, లంచమా?"

"కొండెక్కి వచ్చారు కదండీ."

రెండో వారం నూట ముప్పై. మేకపిల్లలా ఎక్కింది. దిగేటప్పుడు ప్రతి బండకీ దవడ పళ్ళు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

"మరి ఇప్పుడు?"

"దాన్ని బట్టి..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ పంపుతో నీకే గాలి కొడతా!"

అతను నవ్వాడు. బయట వాన. కొట్లో రబ్బరు వాసన, టీ వాసన. ఆ నవ్వుకి ఇష్‌బెల్ ఒళ్ళు మండింది. ఎందుకు మండిందంటే, దారిపొడుగునా ఆ నవ్వే గుర్తొచ్చింది గనుక.

మూడో వారం నూట యాభై. ఇదే సరైనదని చేతులకి తెలుస్తోంది. మలుపులో మాట వింటోంది, ఎక్కేటప్పుడు మొండికెయ్యడం లేదు. అయినా పెడలు వేర్లకి తగులుతోంది, చిన్న గట్టు దూకినా వెనక షాకు దబ్బుమని కుంగి అడుగంటుతోంది. ముళ్ళపొదలో పడి లేచి, జుట్టులో ఆకులతో కొట్టుకొచ్చింది. ఆవేళ గురువారం. శనివారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

స్ట్రూవన్ లేడు. నెట్టా ఉంది. మాటకి తొణకని మనిషి, నోట్లో ఎప్పుడూ బిస్కెట్టు.

"నీ మేనల్లుడికి బైకుల గురించి బొత్తిగా తెలీదు!"

నెట్టా వంగి షాకు చూసింది. "తెలీకేం తల్లీ. షాకు కడ్డీ మీది ఈ రబ్బరు రింగు చూడు. మనిషి కూర్చుంటే దాదాపు మూడోవంతు జరగాలి. ఇది కొసకి పోయి నక్కింది. నువ్వు చెప్పిన బరువుకి ఇలా పోదు. వాడికి మొదటి వారమే తెలుసు."

ఇష్‌బెల్ మొహం చెంగల్వ పువ్వయింది. సగం సిగ్గు, సగం కోపం. సరిగ్గా అప్పుడే స్ట్రూవన్ వానలోంచి లోపలికొచ్చాడు.

"తెలుసా?" అంది.

అతను నెట్టా వైపు చూశాడు. "అత్తా, చెప్పేశావా?"

"ఒరేయ్, నేను బిస్కెట్టు తింటున్నా. నన్ను లాగకు."

"తెలిసీ చెప్పలేదేం? నేను ముళ్ళపొదలో పడ్డాను!"

"మీరు అబద్ధం చెప్పారని ఎలా చెప్పను? ఇంకోసారి బరువెంత అంటే ప్రాణాలు దక్కుతాయా? మీకు తెలీకుండా గాలి కొంచెం ఎక్కువే కొట్టాను. అబద్ధం ఎంత పెద్దదో తెలీదు కదండీ."

"అది ఒక కారణం. ఇంకోటి ఉంది. మొహంలో కనబడుతోంది. కక్కు," అంది ఇష్‌బెల్.

వాన రేకుల మీద కొడుతోంది. నెట్టా నమలడం ఆపింది.

"మొదటి వారమే నూట యాభైది మీకు సరిపోతుందని తెలుసు. గాలి సరిచేసి ఇచ్చేస్తే కొనుక్కుని వెళ్ళిపోతారు." అతను నేలకేసి చూశాడు. "మళ్ళీ రారు."

"నువ్వు ఎడ్డి మనిషివా? బైకు బాగుంటే చూపించడానికి రానా? పాడైతే బాగుచేయించుకోవడానికి రానా? ఏమీ లేకపోతే ఊరికే తిట్టడానికైనా రానా?"

"అది తట్టలేదండీ."

"పదిన్నర," అంది ఇష్‌బెల్ గట్టిగా. "పారల సంచితో పన్నెండు. ఊరంతా వినని! పట్టుకో."

సంచి వీపున వేసుకుని బైకెక్కింది. అతను ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఈ పనికి వేరే పద్ధతి లేదు. మొహానికి మొహం జానెడు దూరం.

"కదలకండి."

"కదలకు అను."

"కదలకు," అన్నాడు. హ్యాండిల్ పక్కకి జరిగింది. కదిలింది అతనే.

ఆమె కిందికి వంగి రింగు జరిపి మెల్లగా దిగింది. మళ్ళీ గాలి, మళ్ళీ ఎక్కడం. రింగు సరిగ్గా మూడోవంతు దగ్గర ఆగింది. "ఇంకోసారి చూద్దామా?" అన్నాడు స్ట్రూవన్. "అక్కర్లేదు," అంది నెట్టా. "చూద్దాం," అంది ఇష్‌బెల్.

శనివారం వాన దంచింది. డూగల్ దారి మొదట్లో సూప్ గిన్నెతో, ఆశతో నిలబడ్డాడు. ఆశ అక్కడే చల్లారింది. తను తవ్విన ప్రతి మలుపునీ ఇష్‌బెల్ చక్రం ముందుగా ముద్దాడింది. పెడలు వేరుకి తగల్లేదు. షాకు ఒక్కసారీ అడుగంటలేదు. కింద, బురదలో, గొడుగు కూడా లేకుండా నిలబడి ఉన్నాడు స్ట్రూవన్.

"ఎలా ఉంది?"

"నీ తీరుని బట్టి ఉంటుంది," అని అతని తడి చొక్కా పట్టుకుని ముద్దుపెట్టింది.

కొట్లవాళ్ళూ, ఇకనైనా నేర్చుకోండి. ఏ కొండ అని అడగండి. బరువు అడగండి, కానీ ఎందుకో ముందు చెప్పండి. కొనేవాళ్ళూ, నిజం చెప్పి చావండి. ముళ్ళపొదలు మీకోసం కాచుకుని ఉన్నాయి. ఇక స్ట్రూవన్ సంగతి ఆమే తేల్చింది, బురద చేత్తో అతని మొహం తుడుస్తూ:

"రేపు పొద్దున పార పట్టుకుని కొండ మీదికి రా. తవ్వనివాడికి దారి లేదు. దాన్ని బట్టి, దీన్ని బట్టి అనకు. రా!"