పోసినవాడి మొదటి గుక్క

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! క్షుద్రశక్తులకు అర్ధరాత్రే కావాలని ఎవరన్నారు?

భిలాయి ఆకాశాన్ని కారుమేఘాలు కమ్మేశాయి. ఉక్కు కర్మాగారం సెక్టర్ 7 చివర పాడుబడ్డ క్వార్టర్ మీద గుడ్లగూబ పట్టపగలే కూసింది. లోపల మాంత్రికుడు బంగార్రాజు కపాలంలో ఇప్పసారా పోస్తున్నాడు. ఎదురుగా మనోజ్‌కుమార్... ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పుస్తకం పట్టమంటే నిద్ర ముంచుకొచ్చే ఈ మహానుభావుడికి, సీసా పట్టమంటే ఎక్కడలేని ఓపిక!

మొదట సుపేలా బజారులో స్నేహితులతో బీరు. తర్వాత హాస్టల్ గదిలో రమ్ము. చివరికి పొద్దున లేస్తూనే చేతుల వణుకు. ఆ వణుకు చూసే బంగార్రాజు వల వేశాడు. ఆరు అమావాస్యలు ఊరికే పోశాడు. ఇవాళ ఏడోది. ఏడో అమావాస్యనాడు పాత్ర ఖాళీ అయితే చాలు... తాగినవాడి ఆయుష్షంతా పోసినవాడిదే! నిరుడు మనోజ్ స్నేహితుడు అనిల్‌కుమార్ అలాగే పోయాడు. తాగి చచ్చాడన్నారు అందరూ. పెళ్లికానివాడని పాతిపెట్టారు. ఆ గుంటలోంచి తవ్వి తెచ్చిందే ఈ కపాలం!

మనోజ్ ఆ కపాలపాత్ర ఎత్తాడు. తలుపు దభాలున తెరుచుకుంది. వాడి వెనకాలే వచ్చిన నాయనమ్మ గున్నమ్మ! ఆమె చూపు కపాలానికి విరిగి ఉన్న ముందుపన్ను మీద పడింది. చిన్నప్పుడు అనిల్ ఆమె గుమ్మం మెట్ల మీద పడి విరగ్గొట్టుకున్న పన్ను... అయినా ఏడవలేదు. పాత్ర లాక్కుంది.

"ఏటి బంగార్రాజూ, మనూరి కట్టు మర్సిపోనావేటి? పోసినోడే ముందల గుక్క తాగాల."

బంగార్రాజు ముఖం పాలిపోయింది. పాపిష్టివాడు, పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు!

గున్నమ్మ చనిపోయినవారి వాటా కింద నేలమీద ఒక చుక్క వొంపింది. "అనిలూ, నీ వాటా నువ్వు తీసుకో నాయనా."

ఫెళఫెళమని పిడుగు! కపాలం కళ్లలో కొలిమి ఎరుపు భగ్గుమంది. పాత్ర గాల్లోకి లేచింది... అదృశ్య హస్తాలు బంగార్రాజు దవడలు చీల్చి పట్టుకున్నాయి. సారా గొంతులోకి దిగింది. దోచుకున్న ఆయుష్షు ఒక్కో గుక్కకీ పదేళ్ల చొప్పున వాడిని విడిచిపోయింది. జుట్టు నెరిసింది, చర్మం ఎండింది, ఎముకలు పొడైపోయాయి. మిగిలింది పిడికెడు బూడిద!

గున్నమ్మ కపాలాన్ని కొంగులో చుట్టుకుని, మనవడిని గుండెకు హత్తుకుని భోరుమంది. వాడి ఒళ్లు వణుకుతోంది. ఏడుస్తున్నాడనుకుంది. వాడి చూపు మాత్రం బూడిద పక్కన మెరుస్తున్న తడి మీదే ఉంది.

"దాదీ... థోడాసా, ఒక్క చుక్కైనా మిగిలిందా?"

ఆమె వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి నడిచింది. ఇంటిదాకా ఆ చేతి వణుకు ఆగలేదు.