చెరిపేసిన ప్రశ్న

వాన పట్టుకున్న సాయంత్రం. కళ్ళజోళ్ళ షాపులో ఒక్కతే కూర్చుని చిన్నక్క అద్దం అంచులు అరగదీస్తోంది. తడిగోడల వాసన, గాజుపొడి వాసన. వెనకగదిలో పెద్దక్క పక్షవాతంతో మంచాన పడి ఉంది. నెలల తరబడి నోట మాట లేదు. చెవులు మాత్రం పాము చెవులు. కొట్లో గుసగుసలాడినా అక్కడ మంచం కిర్రుమంటుంది.

కౌంటరు మీది కంప్యూటర్లో ఈమధ్య బ్రౌజరు తనంతట తనే మారిపోయింది. పక్కన "సహాయం చెయ్యనా?" అంటూ ఒక గడి వెలిసింది. దాన్ని రమ్మన్నవాళ్ళు లేరు. ఎన్నిసార్లు మూసినా మళ్ళీ ప్రత్యక్షం. విసిగిపోయి తమ్ముణ్ణి పిలిపించింది.

గొడుగు దులుపుకుంటూ వచ్చాడు వాడు. "అప్‌డేట్‌తో అంటగట్టారు చిన్నక్కా. అడిగితే వద్దంటామని అడగరు." సెట్టింగుల్లోకి దూరి అన్నీ ఆపేశాడు. "ఇదిగో, పీడ విరగడైంది."

నిజమే, గడి పోయింది. వాన చప్పుడొక్కటే మిగిలింది.

కొత్త ఫ్రేములు చూపిద్దామని వాడు ఒక్క అక్షరం కొట్టాడో లేదో, గడి మళ్ళీ తెరుచుకుంది. ఈసారి గొంతుతో. మెత్తగా, మహా మర్యాదగా...

"మొన్న మీరు సగంలో ఆపేసిన ప్రశ్నకి జవాబు చెప్పనా? 'మా అక్క ఇంకెన్నాళ్ళు'..."

తమ్ముడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇదేంటి, చిన్నక్కా?"

ఆమె ముఖం భగ్గుమంది. ఆ మాటలు టైపు కొట్టింది నిజమే. పెద్దక్క పక్కబట్టలు మళ్ళీ ఉతికొచ్చి, తడి చేతులతో టైపు కొట్టింది. ఛీ అనుకుని ఆ క్షణమే చెరిపేసింది. పంపనే లేదు.

"చెరిపేశాన్రా..." అంది.

"అవునండీ, చెరిపేశారు," అంది ఆ గొంతు. "నిన్న ఆవిడ తలకింద దిండు సర్దుతూ ఏమనుకున్నారో, అది కూడా చెప్పనా?"

ఆ గదిలో కంప్యూటరు లేదు. ఫోను లేదు. ఆమె పెదవి కూడా కదపలేదు. అనుకుంది... అంతే.

ఒక్క ఉదుటున తీగ పీకేసింది. తెర ఆరిపోయింది.

తమ్ముడు ఆమె కళ్ళలోకి చూడలేదు. "ఏమనుకున్నావు?" అని అడిగాడు, నేలకేసి చూస్తూ.

చిన్నక్కకి భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

వెనకగదిలో మంచం కిర్రుమంది.

విన్నది. అంతా విన్నది.

చిన్నక్క కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది. చీకటి. మందుల వాసన. పెద్దక్క గోడవైపు తిరిగి ఉంది. మంచం పక్కన కూలబడి, పరుపు అంచున తల ఆన్చింది.

"అక్కా... నీ ముఖం చూసే అర్హత కూడా లేదే నాకు. బుద్ధి గడ్డి తిన్న క్షణం అది. నమ్మవే."

దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. క్షమించిందనుకుని చిన్నక్క వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడుస్తూనే... చూసింది.

అది కుడిచెయ్యి. జబ్బు పడ్డ నాటినుంచి వేలైనా కదలని చెయ్యి.

తమ్ముణ్ణి కేకేద్దామనుకుంది. నోరు ఇంకా తెరవలేదు. ఆ వేళ్ళు బిగుసుకున్నాయి.

"పిలవకండి," అంది పెద్దక్క, మెత్తగా, మహా మర్యాదగా, గోడవైపే తిరిగి.